పదో పూస

ఆ మ్యూజియంలో మూడో అంతస్తు చివరి గదికి కొత్తవాళ్లెవరైనా ముక్కు మూసుకునే వెళతారు. చచ్చిన జంతువుల ఒంటి మీది మాంసం తీసేసి ఎముకల్ని మాత్రం మిగిల్చే గది అది. సగం పని పురుగులది. ఒక గాజు తొట్టిలో గోధుమరంగు పురుగులు వేల సంఖ్యలో ఉంటాయి. ఎండబెట్టిన కళేబరాన్ని అందులో పెడితే కండంతా తినేసి ఎముకల గూడు అప్పజెబుతాయి. మిగతా సగం పని ఆ గది ఇన్‌చార్జిది. ఆవిడకి నలభై నాలుగేళ్లు. పంతొమ్మిదేళ్లుగా ఎలుకలవీ పిట్టలవీ పాములవీ వెన్నుపూసలు లెక్కపెట్టి సన్నటి తీగకి గుచ్చుతోంది కాబట్టి అందరూ ఆవిడని పూసలమ్మ అంటారు.

డైరెక్టరు గారికీ ఒక పేరుంది. కాకపోతే ఆయన వీపు తిప్పాకే వాడతారు. ఆ పేరు పదో పూస.

ఆ పేరు ఊరికే రాలేదు. మామూలు కప్పకి, తుంటిని మోసే పూసను వదిలేస్తే, దాని ముందు ఎనిమిది వెన్నుపూసలుంటాయి. చల్లటి కొండవాగుల్లో రాళ్ల కింద బతికే కొన్ని ఆదిమ కప్పలకి తొమ్మిది ఉంటాయి. మిగతా కప్పలు ఎప్పుడో వదిలించుకున్న పక్కటెముకలు కూడా వీటికి చిన్న చిన్న మొలకల్లా మిగిలి ఉంటాయి. ఇక రాయిగా మారి దొరికిన ముత్తాత కప్పకైతే పద్నాలుగు పూసలు. పద్నాలుగు నుంచి తొమ్మిదికి దిగిన మెట్లు ఎవరికీ దొరకలేదు. ముప్పై నాలుగేళ్ల కిందట, ఇరవై ఏడేళ్ల వయసులో, డైరెక్టరు గారు బొటనవేలంత కొండవాగు కప్ప ఎముకల గూడు ఒకటి చూపించి, ఇదిగో పది, ఆ మెట్లలో ఇదొకటి అన్నారు. దానికి కొత్త జాతి పేరు పెట్టారు. ఆ పేరుకి అర్థమే పది పూసలది అని. ఆ ఒక్క కప్ప మీదే ఆయన మెట్టు మెట్టూ ఎక్కి డైరెక్టరు కుర్చీ దాకా వచ్చారు.

అయితే ఆ కప్పను ఆయన ఎవరి కంటా పడనిచ్చేవారు కాదు. తన గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవారు. దూరదేశాల నుంచి ఎవరైనా చూడటానికి వస్తే, పెళుసుగా ఉంది, ఊపిరి తగిలితే విరుగుతుంది అని చెప్పి ఫొటో చేతిలో పెట్టి పంపేవారు. ఇప్పుడు మ్యూజియం పాలకమండలి కప్పల ఎముకల కోసం ఒక కొత్త గది తెరుస్తోంది. ఆదిమ కప్పల నుంచి ఇవాళ్టి చెరువు కప్ప దాకా పన్నెండు ఎముకల గూళ్లు ఒకే వరసలో పెట్టి, ఏ ఎముక ఎక్కడ మారిందో పక్కపక్కన చూపించాలని వాళ్ల ఆలోచన. అందులో మొదటిది పది పూసల కప్పే కావాలన్నారు. ఈసారి ఫొటోతో పని జరగలేదు. డైరెక్టరు గారు డబ్బాను స్వయంగా మోసుకుని మూడో అంతస్తుకి వచ్చారు. దుమ్ము దులిపితే చాలన్నారు. జిగురు జోలికి మాత్రం పోవద్దన్నారు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి ఆ మాటే మళ్లీ చెప్పారు.

పూసలమ్మ చెప్పినట్టే దుమ్ము దులిపింది. మెత్తటి కుంచె, మెల్లటి చెయ్యి. జిగురు జోలికి ఆవిడ పోలేదు గానీ, ఆ ముసలి జిగురే ఆవిడ జోలికి వచ్చింది. కుంచె తగలగానే పెచ్చులు రాలి, మెడ నుంచి లెక్కపెడితే ఆరో పూస ఊడి పళ్లెంలో పడింది. ఆవిడ కంగారు పడలేదు. ఊడినదాన్ని అతికించడమే ఆవిడ బతుకుతెరువు. ఏ వైపు ముందో చూద్దామని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టింది.

ఆదిమ కప్ప పూసకి ముందూ వెనకా రెండు వైపులా గుంటలుంటాయి, రెండు చిన్న గిన్నెల్ని వీపూ వీపూ ఆనించినట్టు. చెరువు కప్ప పూసకి ముందు గుంట, వెనక గుండు ఉంటాయి. పళ్లెంలో ఉన్నదానికి ముందు గుంట ఉంది. వెనక ఏమీ లేదు, చదునుగా ఉంది. ఆ చదును మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలులో. ఎముక అలా పెరగదు. ఎవరో గుండును ఆకురాయితో అరగదీశారు. ఆవిడ ఆ గీతల వంక కాసేపు చూసి, తన సొరుగు తెరిచి, అందులోని చిన్న ఆకురాయిని తీసింది. పూస పక్కన పెట్టి చూస్తే దాని పళ్లకీ గీతలకీ సరిగ్గా సరిపోయింది. ఆ ఆకురాయి ఆవిడకి ఈ ఉద్యోగంతో పాటు తన ముందు పనిచేసిన మనిషి నుంచి వచ్చింది. ఆ మనిషి ఆవిడ సొంత మేనమామ.

మేనమామకి డెబ్బై రెండేళ్లు. ఆవిడని చిన్నప్పటి నుంచి పెంచింది ఆయనా అత్తయ్యే. ఇప్పుడూ వాళ్లు కింది వాటాలో, ఆవిడ పై వాటాలో ఉంటారు. ఆ సాయంత్రం ఆవిడ వెళ్లేసరికి ఆయన బల్ల మీద ఒక అలారం గడియారాన్ని విప్పి ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉన్నాడు. అత్తయ్య వంటగదిలో బఠానీలు ఒలుస్తోంది.

"మావయ్యా, కప్పలో ఆరో పూస ఎవరిది?" అని అడిగింది పూసలమ్మ, చెప్పులు కూడా విడవకుండా.

ఆయన చేతిలో స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. ఆయన దానికోసం వెతకలేదు. వంటగదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"దొరికిపోయారా? హమ్మయ్య. ముప్పై నాలుగేళ్లుగా ఒకే అబద్ధాన్ని సాకుతున్నాడమ్మా మీ మావయ్య. దాని బదులు మేకని సాకినా మందయ్యేది."

ఇక దాచి లాభం లేదని మేనమామ జరిగినదంతా చెప్పాడు. కొండవాగు కప్పను పురుగుల తొట్టిలో పెట్టి, ఒక రోజు ఎక్కువ మరిచిపోయాడట. పురుగులు కండతో ఆగకుండా ఎముకల్ని కట్టి ఉంచే పీచు కూడా తినేశాయి. తెల్లారి చూస్తే కప్ప లేదు, ఎముకల పోగు ఉంది. కూర్చుని ఒక్కొక్కటే అతికించాడు. ఆ రోజుల్లో కొత్తగా చేరిన కుర్ర శాస్త్రవేత్తకి నోటి దురుసు ఎక్కువ. ఎముక చూడకుండా వాసన పట్టే జాతి చెబుతానని కబుర్లు చెప్పేవాడు. మేనమామని పేరు పెట్టి కాక పురుగులాయన అని పిలిచేవాడు. పూసలు ఎన్నని రాయాల్సి వస్తే తను లెక్కపెట్టేవాడు కాదు, పురుగులాయన్నే అడిగి రాసుకునేవాడు. దాంతో మేనమామకి ఒళ్లు మండింది. ఒక చెరువు కప్ప పూస తీసుకుని, గుండు అరగదీసి, మధ్యలో ఇరికించాడు. మర్నాడు టీ దగ్గర అందరి ముందూ ఏదీ లెక్కపెట్టండి చూద్దాం అని ఆటపట్టించి, ఊడదీసి చూపిద్దామనుకున్నాడు.

ఆ సాయంత్రమే కుర్రాడు ఎప్పటిలా పూసలెన్నని అడిగితే మేనమామ పది అన్నాడు. మర్నాడు టీ వేళకి కుర్రాడు అప్పటి పెద్దల దగ్గరికి పరిగెత్తి పది పూసల సంగతి చెప్పేశాడు. వారంలో ఫొటోలు తీశారు. నెల తిరిగేసరికి వ్యాసం అచ్చుకి వెళ్లింది. మేనమామ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

"మధ్యలో చెప్పేద్దామని చాలాసార్లు వెళ్లాను," అన్నాడాయన. "వెళ్లినప్పుడల్లా ఆయన నాకు ఏదో ఒక మంచి చేసేవాడు. ఉత్తమ ఉద్యోగి ఫలకం మూడేళ్లు వరసగా నాకే. కిటికీ పక్క కుర్చీ నాకే. పుట్టినరోజుకి తన చేత్తో రాసిన కార్డు. అంత మంచి మనిషికి ఎలా చెప్పను?"

రేపు పొద్దున్నే వెళ్లి డైరెక్టరు గారికి తను చెప్పేస్తానంది పూసలమ్మ. మేనమామ ఒప్పుకోలేదు. తప్పు తనది కాబట్టి తనే చెబుతానన్నాడు. కాకపోతే తన పద్ధతిలో చెబుతానన్నాడు. ఆయన పద్ధతి ఎలా ఉంటుందో తెలిసి కూడా ఆవిడ సరేనంది. అదే ఆవిడ చేసిన తప్పు. నిజం చెప్పాలంటే అంత ఇష్టంగా ఆవిడ ఏ తప్పూ చేయలేదు.

గది తెరవడానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం బడి పంతుళ్లకి చూపించాలని అనుకున్నారు. ఇరవై మంది వచ్చారు. పూసలమ్మ ఆరో పూసని తాత్కాలికంగా మైనపు చుక్కతో నిలబెట్టి కప్పని గాజు పెట్టెలో ఉంచింది. పెట్టె ముందు చూసేవాళ్ల కోసం ఒక పెద్ద భూతద్దం బిగించాలి. దాన్ని సరిగ్గా ఎక్కడ బిగించాలో ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఆరో పూసకి ఎదురుగా బిగించింది.

డైరెక్టరు గారు చిన్న కర్రతో ఒక్కో కప్ప చూపిస్తూ బాగానే మాట్లాడారు. తోక ఎలా పోయి ఒక్క పుల్లలా మిగిలిందో, కాలి ఎముకలు రెండు కలిసి ఎలా ఒకటయ్యాయో చెబుతుంటే పంతుళ్లు రాసుకుంటున్నారు. వెనక వరసలో నల్ల కళ్లద్దాలు, చెవుల దాకా లాగిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆ కళ్లద్దాలు అత్తయ్యవి. మొదటి కప్ప దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తాడు.

"అయ్యా, నాకు తెలీక అడుగుతున్నాను. ఈ ఆరో పూస మిగతావాటికి చుట్టంలా లేదేమిటండీ?"

అన్ని చుట్టరికాలూ పైకి కనపడవని డైరెక్టరు గారు నవ్వేసి పక్క పెట్టె వైపు కదిలారు. అది నిజంగా కప్పదాటే. కానీ ముందు వరసలో ఒక లెక్కల పంతులమ్మ అప్పటికే భూతద్దంలోకి వంగింది.

"అవునండీ," అందావిడ. "దీని వెనక గీతలు గీతలుగా ఉన్నాయి. ఇవేమిటి?"

"అది ఆదిమ లక్షణం," అన్నారు డైరెక్టరు గారు.

ఇరవై మంది పంతుళ్లూ ఆదిమ లక్షణం అని రాసుకున్నారు. వెనక వరసలో పెద్దమనిషికి నవ్వు ఆగలేదు. ఆపుకోబోతే దగ్గొచ్చింది. పదిహేనేళ్లు పక్క గదిలో విన్న దగ్గు అది. డైరెక్టరు గారి చేతిలో కర్ర కింద పడింది. టీ ఇంకా అరగంటకి గానీ రాదు. అయినా ఆయన అందర్నీ టీకి పంపించేశారు.

మూడో అంతస్తు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మధ్యలో బల్ల మీద కప్ప. మేనమామ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఆ పూస తనే పెట్టానని, ఎందుకు పెట్టాడో, ఎందుకు చెప్పలేకపోయాడో అంతా చెప్పాడు. తిట్టండి అని తలవంచుకున్నాడు. డైరెక్టరు గారు తిట్టలేదు.

"నాకు తెలుసు," అన్నారు. "ఇరవై రెండేళ్లుగా తెలుసు."

ఎవరో ఎక్స్‌రే కావాలని అడిగితే తీయించారట. అందులో ఆ ఒక్క పూసా మిగతావాటి కంటే తెల్లగా మెరిసింది. భూతద్దం కింద చూస్తే ఆకురాయి గీతలు కనిపించాయి. జ్వరమని చెప్పి ఇంటికి పోయి పడుకున్నారు. మర్నాటి నుంచి కప్పను బీరువాలో పెట్టారు.

"అయితే నన్ను పిలిచి అడగొచ్చుగా," అన్నాడు మేనమామ.

"అడిగితే నువ్వు నలుగురికీ చెప్పేస్తావని భయం. ఏదో ఒక రోజు టీ దగ్గర నోరు జారుతావని రోజూ భయమే. ఆ ఫలకాలు ఎందుకిచ్చాననుకున్నావు? ఆ కార్డులు ఎందుకు రాశాననుకున్నావు?"

ఇరవై రెండేళ్లు ఒకాయన భయంతో మంచి చేశాడు. ఒకాయన ఆ మంచి చూసి సిగ్గుతో నోరు మూశాడు. ఇద్దరూ ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటూ ఒకే కప్పని దాచారు.

పూసలమ్మకి నవ్వు రావాలి, వచ్చేదే. కానీ ఒక ఆలోచన అడ్డం పడింది. తను ఉద్యోగంలో చేరింది పంతొమ్మిదేళ్ల కిందట. అప్పటికే ఆయనకి తెలుసు. ఆ రోజు తనని ఎంపిక చేసింది ఆయనే.

"నా ఉద్యోగం కూడా ఆ ఫలకాల్లాంటిదేనా సార్?" అని అడిగింది.

డైరెక్టరు గారు లేచి వెళ్లి గోడ పక్కన అద్దాల బీరువా తెరిచి, పైఅరలోంచి చిన్న చుంచు ఎముకల గూడు తీసి ఆవిడ ముందు పెట్టారు. పరీక్షకి వచ్చిన తొమ్మిది మందికీ తలా ఒక చుంచునిచ్చి గూడు కట్టమన్న రోజు అది కట్టింది ఆవిడే.

"మిగతా ఎనిమిది మందివీ ఆ ఏడాదే ఊడిపోయాయి. ఇది చూడు. మీసం వెంట్రుకంత పక్కటెముక కూడా కదల్లేదు. ఇతని మేనకోడలివని తెలిసి ఆ రోజు నిన్ను వద్దనడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు."

ఆవిడ ఆ చుంచుని వేలితో మెల్లగా తాకి చూసింది. నిజంగానే ఏదీ కదల్లేదు. అప్పుడు నవ్వొచ్చింది.

తర్వాత ఏం చేయాలో ఇద్దరు పెద్దమనుషులకీ తోచలేదు. ఆవిడే ద్రావకం సీసా తెచ్చింది. మైనం తీసి, పరాయి పూసని పక్కన గిన్నెలో పడేసి, చుట్టూ గడ్డకట్టిన పాత జిగురంతా కరిగించింది. సూది డైరెక్టరు గారి చేతికిచ్చి లెక్కపెట్టమంది. ఆ కప్ప మీద ఆయన వ్యాసాలు పద్నాలుగు రాశారు. దాని పూసలు తన చేత్తో లెక్కపెట్టడం మాత్రం అదే మొదలు. ఒకటి, రెండు అంటూ సూది మొన ఆనిస్తూ వెళ్లారు. ఐదో దాని దగ్గర ఆగిపోయారు. ఇన్నాళ్లూ జిగురు ముద్ద కింద ఉన్న చోట, ఎడమ పక్కన, ఇసక రేణువంత ఎముక మొలక ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. ఆదిమ కప్పలకి పక్కటెముకలు రెండో పూసకీ మూడోదానికీ నాలుగోదానికీ ఉంటాయి. ఐదోదానికి ఉండవు.

ఆయన మెల్లగా తలెత్తి మేనమామ వంక చూశారు.

"అది నేను పెట్టలేదు," అన్నాడు మేనమామ.

డైరెక్టరు గారు చూపు తిప్పలేదు.

"ఒట్టు సార్. అంత చిన్నది పెట్టే చెయ్యి నాకు లేదు. మా మేనకోడలికి ఉంది."

ఇప్పుడిద్దరూ పూసలమ్మ వంక చూశారు. ఆవిడ భూతద్దం ముందుకి జరిపింది. వంతులవారీగా ముగ్గురూ చూశారు. జిగురు లేదు, అతుకు లేదు, గీత లేదు. మొలక పూసలోంచి పుట్టుకొచ్చింది. పుట్టుకతో వచ్చిన పక్కటెముక తునక అది. డైరెక్టరు గారు సూది కింద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నారు. తుడిచిన కళ్లజోడునే మళ్లీ తుడుచుకున్నారు. తర్వాత లెక్క పూర్తి చేశారు. తొమ్మిది.

ఆ వారమే సవరణ రాయడానికి కూర్చున్నారు. రాయాల్సింది ఒక్క పేజీ. గొడవ మూడు రోజులు నడిచింది. చిలిపి పని అని రాయాలని మేనమామ, సాంకేతిక పొరపాటు అని రాయాలని డైరెక్టరు గారు. వినీ వినీ విసిగి పూసలమ్మే చెప్పి రాయించింది: ఆరో పూస మరో కప్పది, దాన్ని ఒకరు కావాలనే పెట్టారు, ఒకరు లెక్కపెట్టకుండా నమ్మారు, తప్పు తెలిశాక ఇద్దరూ దాచారు. ఐదో పూస మీది మొలకని గురించి చివర రెండు వాక్యాలు చేర్చారు. ఒక్క కప్పలోనే చూశామనీ, ఇంకా చాలా కప్పల్ని చూస్తే గానీ ఏమీ అనలేమనీ అందులో ఉంది. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

అచ్చయ్యాక జరగాల్సినవన్నీ జరిగాయి. పాలకమండలి డైరెక్టరు గారిని గంటన్నర నిలబెట్టి అడిగింది. ఆయన ఏదీ దాటవేయలేదు. పదవీ విరమణకి రెండు నెలలు ముందుగానే కుర్చీ దిగమన్నారు, దిగారు. మేనమామ ఫలకాలు మూడూ తిరిగి ఇచ్చేయబోతే, వాటికి రాసే ఫారం లేదని ఆఫీసువాళ్లు తీసుకోలేదు. పత్రికల్లో రెండు రోజులు వ్యంగ్య చిత్రాలు వచ్చాయి. ఇక కప్ప పేరు మాత్రం మారలేదు. శాస్త్రం ఒకసారి పెట్టిన పేరు, అర్థం తప్పయినంత మాత్రాన పోదట. తొమ్మిది పూసలతోనే అది ఎప్పటికీ పది పూసలది.

గాజు పెట్టెలో దాని పక్కనే పరాయి పూసని చిన్న గిన్నెలో పెట్టి, జరిగింది రెండు ముక్కల్లో రాయించింది పూసలమ్మ. జనం మిగతా పదకొండు కప్పల్నీ వదిలేసి ఆ గిన్నె దగ్గరే మూగుతున్నారు. ఆదిమ లక్షణం అని రాసుకెళ్లిన లెక్కల పంతులమ్మ తన తరగతి మొత్తాన్ని తీసుకొచ్చి, భూతద్దంలో ఆ గీతలు చూపించి, ఎవరు చెప్పినా ఒకసారి మీరు లెక్కపెట్టుకోండర్రా అని చెప్పి వెళ్లింది.

మాజీ డైరెక్టరు గారు ఇప్పుడు వారానికి మూడు రోజులు మూడో అంతస్తుకి వస్తారు. మేనమామ ఆయన కంటే ముందే వచ్చి కిటికీ పక్క కుర్చీ పట్టుకుంటాడు. సొరుగుల్లో నాలుగు వందల పన్నెండు కప్పలున్నాయి. ఐదో పూస మీద మొలక ఇంకెక్కడైనా ఉందేమోనని ఒక్కొక్కటే తీసి చూస్తున్నారు. ఒకరు లెక్కపెడితే రెండోవాళ్లు నమ్మరు, మళ్లీ లెక్కపెడతారు. అందుకని పని నత్తనడకన సాగుతోంది. వాళ్ల పోట్లాటలు భరించలేక పూసలమ్మ చెవుల్లో దూది పెట్టుకుంటుంది.

ఒక రోజు అత్తయ్య కూడా మ్యూజియం చూడటానికి వచ్చింది. పన్నెండు కప్పల ముందూ తీరిగ్గా నడిచి, మొదటిదాని దగ్గర నిలబడింది. మాజీ డైరెక్టరు గారు మర్యాదగా పక్కకి జరిగి, ఇదేనండీ అన్నారు.

"ఇప్పుడు ఎన్ని?" అని అడిగింది అత్తయ్య.

"తొమ్మిది."

"మీరే లెక్కపెట్టారా?"

"నాలుగుసార్లు."

"మరి ఈయన?"

"ఐదుసార్లు," అన్నాడు మేనమామ.

అత్తయ్య ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత భూతద్దంలోకి వంగి, గాజు మీద చూపుడువేలు ఆనించి, పెదవులు కదుపుతూ మొదటి పూస నుంచి తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.